కట్టుకథ

పేజీ తిప్పిన చప్పుడు లేకుండానే కోడలు పైకి చదివి వినిపిస్తున్న నవల సుఖాంతమైపోయింది. జ్వరపడ్డ పిల్ల లేచి, నవ్వుతూ బడికి వెళ్లిందట.

కళ్లకి ఆపరేషనై, కట్టుతో పడుకుని వింటున్న అత్తగారు చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఛీ! ఏమిటే ఈ పాకం? ఈ నవలకి ప్రూఫులు దిద్దింది నేనే. ఆ పిల్ల ఆస్పత్రి వరండాలో ఈగలు ముసురుతుంటే చచ్చిపోతుంది."

"ఇప్పుడా ఘోరాలెందుకత్తయ్యా? మీ మనసు పాడవుతుందనీ..."

"కంపు కొట్టే బతుక్కి సెంటు పూసి టీవీ సీరియల్ చేస్తావా? ఇంకోసారి నాకు అబద్ధం..."

ఆ మాట దగ్గర ఆవిడ ఆగిపోయింది. చెయ్యి మెల్లగా కంటి కట్టు మీదికి పాకింది.

"అవునే, రేపు కట్టు విప్పగానే చూపొస్తుందన్నావు. అది డాక్టరు చెప్పిందేనా, నువ్వు అల్లిందా?"

పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది.