ఇంకొంచెం ఓర్చుకో

"ఇంకొక్కసారి అడిగి రండి," అంది ఆమె, మంచం ఊచ వదలకుండా.

భర్త లేచాడు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. వరండా చివర ఉన్న డాక్టరు గదివైపు నడిచాడు.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. చిన్నప్పటినుంచీ రక్తానికి సంబంధించిన జబ్బు. ఏడాదికి రెండు మూడుసార్లు ముంచుకొస్తుంది. వచ్చిందంటే తొడ ఎముకల్లో ఎవరో డ్రిల్లింగ్ మిషను పెట్టి తిప్పుతున్నట్టే. నిన్న పొద్దున ఇక్కడ చేర్చారు. అప్పట్నుంచీ ఏ మూలకూ చాలని మాత్రలే. తానే వెళ్ళి అడుగుదామంటే కాలు కింద ఆనదు. అరిస్తే నటన అంటారు. అరవకపోతే నొప్పే లేదంటారు.

పొద్దున నర్సును అడిగింది.

"మీవారు మాట్లాడుతున్నారు కదమ్మా," అనేసి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రౌండ్లకి డాక్టరు కూడా వచ్చాడు. ఆమె నోరు తెరిచేలోపే భర్తతో రెండు ముక్కలు మాట్లాడి పక్క మంచం దగ్గరికి జరిగాడు.

ఇప్పుడు భర్త డాక్టరు గదినుంచి తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?"

"కుదరదట. నొప్పి తగ్గించే ఆ ఇంజెక్షన్ అలవాటైపోతుందట."

"నాకా? ముప్పై ఆరేళ్ళొచ్చినా కాఫీయే అలవాటు కాలేదు!"

ఆయన నవ్వలేదు. "మా అన్నయ్య తాగుడు ఎందాకా పోయిందో చూశాం కదా. ఎవరి భయం వాళ్ళది. ఇంకొంచెం ఓర్చుకో."

తడిగుడ్డతో ఆమె నుదురు తుడిచాడు. నిన్నటినుంచీ ఆయనకు కునుకు లేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అంత నొప్పిలోనూ ఆమెకు జాలేసింది.

పక్క మంచం మీది పెద్దావిడ అంతా చూస్తూనే ఉంది. "అదృష్టవంతురాలివే తల్లీ. మా ఆయన ఇటు తొంగి కూడా చూళ్ళేదు."

"ఈయనే లేకపోతే నా తరఫున అడిగే దిక్కెవరండీ," అంది ఆమె, పళ్ళు బిగించి.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కిందికి వెళ్ళాడు. డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చింది. ఆమె ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నీకు దణ్ణం పెడతానమ్మా. డాక్టరుగారిని ఒక్కసారి పిలువు. నేనే చెప్పుకుంటాను. మా ఆయన ఎంత బతిమాలినా వినట్లేదాయన."

నర్సు మంచానికి తగిలించిన కాగితాలు తిరగేసింది. ఒక చోట ఆగింది. ఆమె మొహంలోకి చూసి, మళ్ళీ కాగితంలోకి చూసింది.

"ఇంజెక్షన్ ఇవ్వమని డాక్టరుగారు నిన్ననే రాశారండీ, వద్దని సంతకం పెట్టింది మీవారే కదా!"