ఎడమవైపు జెట్

"అందరూ కుడివైపే పెట్టించుకుంటారు మాస్టారూ. మీరేంటి, ఎడమవైపంటారు?" అన్నాడు ప్లంబరు, బాత్రూమ్‌లో కమోడ్ పక్క గోడకి డ్రిల్లు ఆనించి.

"ఎడమవైపే పెట్టు."

"ఎడమచేతి వాటమా మీది?"

"నాది కాదు. మా ఆవిడకి కుడిచెయ్యి పడిపోయింది. జెట్ పెట్టిస్తే నా పని నేనే చేసుకుంటానంది. నేనుండగా అదెందుకన్నాను. నాలుగేళ్లు మగ్గుతో నేనే కడిగాను. కడగడానికి ఏనాడూ విసుక్కోలేదు."

మాట్లాడటానికి మనిషి దొరికి నెలయింది మాస్టారికి. అందుకే అడగనిదీ చెప్పేశారు. ఆ చివరి మాట దగ్గర గొంతులో కాస్త గర్వం కూడా తొణికింది.

"అమ్మగారు లోపలున్నారా? ఎత్తు సరిపోయిందో లేదో ఓసారి చూసుకుంటే..."

"పోయి నెలైంది. చివరికి సరే, పెట్టిస్తానన్నాను. అన్న వారానికే పోయింది."

ప్లంబరు జెట్ బిగించి, నొక్కి చూశాడు. నీళ్లు సన్నగా, జోరుగా వచ్చాయి.

"మా అమ్మకి చెయ్యి విరిగినప్పుడు మా ఆవిడే కడిగేది," అన్నాడు సామాన్లు సర్దుకుంటూ. "కంటికి రెప్పలా చూసుకునేది. అయినా మా అమ్మ దాహమేసినా నీళ్లు తాగేది కాదు. తాగితే మళ్లీ పిలవాలిగా అనేది. ఇది పెట్టిన రోజు మాత్రం చెంబుడు నీళ్లు గటగటా తాగేసింది."

మాస్టారు తలుపు రెక్క పట్టుకుని నిలబడిపోయారు.

ఆవిడ పూటపూటా గ్లాసులో సగం నీళ్లు మిగిల్చేది. ఆ నాలుగేళ్లలో ఆయన ఆవిడని కసిరింది ఆ ఒక్కదానికే.