శిలాఫలకం మీద నురగ

రేపు మెదక్‌కు మంత్రి వస్తున్నాడని మా వార్డు నాయకుడు కరుణాకర్ చీపురు పట్టాడు. మా గల్లీలో ఆసుపత్రి కడతామంటూ ఏళ్ల కిందట నాటిన పాలరాతి శిలాఫలకం కింది భాగం మీద బాత్రూం యాసిడ్ గుమ్మరించాడు.

ఆసుపత్రి రాలేదు. ఏ రోజున మాట ఇచ్చారో చెప్పడానికి ఆ రాయొక్కటే రుజువు. మంత్రిని దాని ముందు నిలబెట్టి అడుగుతానని జైనాబ్ చాచీ గల్లీ అంతా చెప్పి ఉంది.

రాయి మీద నురగ బుసబుసా పొంగింది. అనుచరులు చప్పట్లు కొట్టి ఫొటోలు తీశారు.

"చూడుండ్రి, మురికి ఎట్ల సస్తున్నదో!" అన్నాడు కరుణాకర్.

మురికట! ఇలాంటి మొద్దులా మనల్ని ఏలేది? నాకు ఒళ్లు మండింది.

"ఆపే అన్నా! గది మురికి కాదు, రాయే కరుగుతున్నది. పాలరాయంటే సున్నపురాయి జాతే గదా. యాసిడ్ తగిలితే కొంత గ్యాసై లేస్తది, కొంత ఉప్పై నీళ్లల్ల కొట్టుకపోతది. బడి పిల్లగాళ్లకు తెలుసు, నీకు తెల్వదా?"

"జరుగుండ్రి జర!" అంటూ జైనాబ్ చాచీ ఉరికొచ్చి బిందెడు నీళ్లు కుమ్మరించింది. నురగ పోయింది. పైన నాయకుల పేర్లు చెక్కుచెదరలేదు. అడుగున ఉన్న తేదీ మాత్రం కరిగిపోయింది.

కరుణాకర్ నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నాడు.

"డిగ్రీల నాది కెమిస్ట్రీనే తమ్మీ. రాత్రికే గీ రాయి మీద రేపటి తేదీ చెక్కిస్త. పలగ్గొడితే లొల్లి చేస్తరు. కడిగితే దండలేస్తరు."