మూతిదెబ్బ

విషపు నాచుతో సముద్రం ఏడాది పొడవునా ఎర్రగానే ఉంటున్న కాలం అది. జనం తినే గుల్లల్లో ఆ విషం ఉందో లేదో ఏ యంత్రమూ చెప్పలేకపోతోంది. ఆ విషానికి రుచీ వాసనా లేవు, ఎంత ఉడికించినా పోదు. ఒక్క గుల్లకు మూతి మొద్దుబారుతుందంతే, గిన్నెడు తింటే మనిషి బతకడు. అందుకే రేవులో గుల్లలమ్మే ఆమే ముందుగా ఒక గుల్ల తినాలి. కాసేపాగి కొనేవాడు ఆమె మూతి మీద కొడతాడు. నొప్పికి అరిస్తే సరుకు మంచిది. అరవకపోతే అంతా పారబోయాలి.

గుల్లలు కొనే ఐసు ఫ్యాక్టరీ యజమాని చక్రధరం చేత్తో కొట్టడు, చెప్పుతో కొడతాడు. పోయినేడు, రేవులో గుల్లలమ్మే నూకరత్నం చెల్లెలు అరిచినా నమ్మలేదు. దొంగేడుపంటూ ఆమె కిందపడి తల పగిలేదాకా కొట్టాడు. పరీక్షలో పోయిన ప్రాణమని పెద్దలు అతన్ని వదిలేశారు.

ఇవాళ నూకరత్నం గిన్నెలోంచి ఉడికిన గుల్ల ఒకటి తిని, కాసేపటికి మూతి ముందుకు చాపింది. చెప్పు దెబ్బకు పెదవి చిట్లి చీర మీద రక్తం కారింది. ఆమెకు నొప్పి ఇసుమంతైనా తెలియలేదు.

"అమ్మో! సచ్చిపోయాను బాబూ!" అని రేవంతా వినబడేలా అరిచింది.

చక్రధరం నవ్వి, చెప్పు పక్కన పడేసి, అక్కడే కూర్చుని గిన్నె ఖాళీ చేశాడు. వేళ్లు నాకుతూ నాకుతూ ఆగిపోయాడు.

"ఏంటే, నా మూతి తిమ్మిరెక్కుతంది?"

నూకరత్నం వంగి ఆ చెప్పు చేతిలోకి తీసుకుంది.

"ఉండండి బాబూ, కొట్టి సూత్తాను."