చంద్రమ్మ తగ్గించిన షెడ్డు

పొద్దున్నే వాకిలి ఊడుద్దామని చీపురు పట్టుకుని వచ్చిన చంద్రమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

వాకిలి నిండా తెల్లటి గీతలు. అది ముగ్గు కాదు. పిండి మాత్రం తన ముగ్గుపిండే.

గీతల నడుమ ఇటుకల మీద నిలబెట్టిన పాత ఫియట్ కారు. దాని పక్కన మొగుడు వెంకటనారాయణ, చేతిలో ఖాళీ డబ్బా.

“ఏందయ్యా ఇది? వాకిట్ల పొలం గట్లు పెడుతున్నవా?”

“షెడ్డు. కారు పని చేసుకోనీకి.”

అతను మాట్లాడితే అంతే. బాలానగర్ ఫ్యాక్టరీలో మిషన్ల మోతకు మాట్లాడటం మానేశాడని చంద్రమ్మ అంటుంది. ఆమె సందివ్వక మానేశాడని వాడకట్టు వాళ్లంటారు.

రిటైరైనప్పుడు అందరూ శాలువాతో ఇంటికొస్తారు. ఇతను కారుతో వచ్చాడు. కారు లారీ మీద వచ్చింది. రెండేళ్లుగా దాన్ని విప్పుతాడు, బిగిస్తాడు. మళ్లీ విప్పుతాడు.

అంతకుముందు నానక్‌రామ్‌గూడలో ఆ గల్లీ ఆడవాళ్లంతా చంద్రమ్మ వాకిట్లోనే బతుకమ్మ ఆడేవాళ్లు. కారు వచ్చాక ఎదురింటి బాలమ్మ వాకిలికి మారారు. రెండేళ్లుగా బాలమ్మ నడకే మారిపోయింది. చంద్రమ్మకు అది కంట్లో నలుసు.

“సద్దుల బతుకమ్మ దాంక టైమిస్తున్న,” అంది. “అప్పటికి నీ బండి నడవాలె. నడవకుంటే తుక్కుకే. ఒప్పుకుంటవా?”

“ఒప్పుకుంట.”

“అయినా షెడ్డు గింత పెద్దగ వద్దు.”

ఇక బేరం మొదలైంది. చంద్రమ్మ అంగట్లోకి వస్తుంటే కూరగాయల వాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటారు. ఏది ఎంత చెప్పినా సగానికి అడగడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

రెండు కార్లు పట్టేంత కావాలన్నాడు వెంకటనారాయణ.

“రెండోది ఏడుంది? ఇది పిల్లల్ని పెడ్తదా?” చీపురుతో ఒక పక్క గీత తుడిచేసింది.

కారు చుట్టూ తిరగడానికి చోటు కావాలన్నాడు.

“ఏం, ప్రదక్షిణలు చేస్తవా?” రెండో గీత పోయింది.

సామాన్లకు బల్ల కావాలన్నాడు. కారులో సీట్లున్నాయి కదా అంది. స్లాబ్ అంటే రేకులు చాలంది. షాపులకుండే పెద్ద షట్టర్ అంటే, పాతింటి దర్వాజ పశువుల కొట్టంలో ఊరికే పడి ఉంది, అది పెట్టుకొమ్మంది. కిటికీలు రెండడిగితే ఒకటిచ్చింది. కరెంటు బుగ్గలు నాలుగడిగితే ఒకటిచ్చింది, అదీ వంటింట్లోది.

అన్నిటికీ వెంకటనారాయణ తల వంచుకుని “సరే” అన్నాడు. ఆ ముఖం చూసి చంద్రమ్మకు జాలేసింది. రెండో కిటికీ ఇద్దామా అనుకుంది. ఇవ్వలేదు.

చివరికి గీతలు కారుకు నిరుటి జాకెట్టులాగా బిగుతుగా మిగిలాయి.

మాదాపూర్‌లో కంప్యూటర్ కంపెనీల గుండ్రటి మేడ లేస్తున్న రోజులవి. మేస్త్రీలంతా అటే పోయారు. ఊళ్లో మిగిలిన సాయిలు వచ్చి గోడలు లేపాడు. గల్లీలో ఎవరు కలిసినా చంద్రమ్మ, తను షెడ్డును ఎంత నుంచి ఎంతకు దింపిందో చెప్పుకుంది. బాలమ్మకైతే రెండుసార్లు చెప్పింది.

వానాకాలం పోయింది. కారు నడవలేదు. లోపలి నుంచి సుత్తి చప్పుడు, నడుమ నడుమ ఈల. మొగుడికి ఈల వేయడం వచ్చని ఇన్నేళ్లకు తెలిసింది ఆమెకు.

సద్దుల బతుకమ్మ రేపనగా, తుక్కు కొనే బాలనర్సయ్యను పిలిపించింది. అతను ట్రాలీ ఆటో, మనుషులు, మోకులతో దిగాడు. గల్లీ అంతా చూడటానికి వచ్చింది. సాయిలూ వచ్చాడు.

వెంకటనారాయణ కారు కింద ఉన్నాడు. పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి.

“మాటంటే మాటే!” అంది చంద్రమ్మ ఆ పాదాలతో.

“మాటే. తీస్కపోమను,” అన్నాడు కింది నుంచి.

బాలనర్సయ్య కారును చూశాడు. దర్వాజను చూశాడు. మళ్లీ కారును చూశాడు.

“అమ్మా, ఇది లోపలికి ఎట్ల వొయింది?”

“పోవుడేంది? అది మొదటి నుంచి ఆడనే ఉండె. దాని చుట్టే గోడ…” చంద్రమ్మ ఆగిపోయింది. ఆ దర్వాజలోంచి బతుకమ్మ ఎత్తుకున్న మనిషి పడుతుంది. కారు పట్టదు.

“ముక్కలు కోసి తీస్కపో!”

“కొయ్యాలంటే నిలవడాలె కదమ్మా. చుట్టు తిరగనీకి జాగ ఏది?”

బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“సాయిలూ, ముందటి గోడ తియ్యి!”

“తీస్తే రేకులు కిందికొస్తయి వదినా. కింద అన్న పండుకున్నడు.”

చంద్రమ్మ సాయిలు మీద విరుచుకుపడింది. “కట్టేటోనివి, నీకన్న సోయి ఉండొద్దా? ఏదో బేరంల షట్టర్ వద్దన్న. గీ దర్వాజల కారు పట్టదని ఒక్క మాట నాకు చెప్పొద్దా?”

కారు కింద ఈల మొదలైంది.

సాయిలు తల గోక్కున్నాడు. “నేనేం చెప్పాలె వదినా, ‘షట్టర్ అడుగుత, చంద్రమ్మ గిదే పెట్టమంటది’ అని చెప్పి వెంకటనారాయణన్న వాకిట్ల గీతలు గీసే ముందురోజే ఆ దర్వాజను నాతోని కొలిపిచ్చుకుండె.”