ఎదురుకోలు కాకుండానే తలంబ్రాలా?

మూడేళ్లుగా సరైన వాన లేని చేలో ఒకరోజు జల్లు పడింది. గట్టు మీది కప్ప గొంతు చించుకుంది. "వానొచ్చింది! ఉడుతక్కా, విత్తెయ్యి!"

ఉడుత దగ్గర మిగిలినవి దోసెడు జొన్నలే. అవి మొలవకపోతే ఇక విత్తనమే లేదు. అయినా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అప్పుడే వానపాము నేలలోకి దూరుతోంది.

"పేరుకే వానపామువి! వానొస్తే పైకి రావాలి గానీ కిందికి పోతావేం?" అని కప్ప వెక్కిరించింది.

"విత్తడానికి నేల పదునుందో లేదో చూసొస్తా."

కాసేపటికి వానపాము ఒళ్లంతా దుమ్ముతో పైకొచ్చింది. "పైన బెత్తెడే తడి. పాత తడి ఏటేటా కిందికి జారి అడుగున కూర్చుంది. నడుమ మూరెడు పొడి. రెండు తడులకీ ఇంకా ఎదురుకోలే కాలేదు, అప్పుడే తలంబ్రాలా ఉడుతక్కా?"

ఉడుత పకపకా నవ్వి జొన్నలు మళ్లీ తొర్రలో దాచుకుంది. కప్ప మూతి ముడుచుకుంది. మూడు రోజుల ఎండకి ఆ పైతడి కాస్తా ఆవిరైపోయింది.

పదో రోజున కుండపోత కురిసింది. ఉడుత ముందుగానే చెవులు మూసుకుంది గానీ, కప్ప అరవనే లేదు. బురదలో బోర్లా పడుకుని, నేలకి చెవి ఆనించి గుసగుసగా అడుగుతోంది.

"వానపాము బావా, ఎదురుకోలు అయ్యిందా?"

"అయ్యింది, అయ్యింది! ఇప్పుడు ఊదు నీ సన్నాయి!"