ఫోరానికి ఇంటిపేరు

దర్శనానికని అంతసేపు వరసలో నిలబడ్డవాళ్ళు, తీరా తెర తీసి హారతి ఇచ్చే వేళకు కళ్ళెందుకు మూసుకుంటారు? లక్ష్మీనరసింహానికి ఈ అనుమానం ఏళ్ళ తరబడి ఉంది. ఒకసారి పూజారిని అడిగితే ఆయన నవ్వి తీర్థం పోశాడు.

ఆ మధ్యాహ్నం మాత్రం నరసింహం అమ్మవారిని కళ్ళు చిట్లించుకుని మరీ చూస్తున్నాడు. కంప్యూటర్ తెర మీద అమ్మవారి బొమ్మ వెనక నుంచి, జవాబు రాసే పెట్టె అంచు కాస్త కనిపిస్తోంది. నొక్కుదామంటే అందడం లేదు.

"అన్నం చల్లారిపోతోంది. పొద్దుటినుంచీ అదే పనా?" అంది భార్య సుబ్బలక్ష్మి.

"ఆ రైతుకి జవాబు వెళ్ళేదాకా నాకు ముద్ద దిగదే."

చిలకలూరిపేటలో ఉంటూ ఆయన మిర్చి, పత్తి రైతుల కోసం ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. రైతులు ప్రశ్నలడగడానికి అందులో ఒక ఫోరం ఉంది. ఈమధ్యే సైటుకు కొత్త టెంప్లేటు తొడిగించి, పైన అమ్మవారి బొమ్మ పెట్టించాడు. అప్పటినుంచి ప్రశ్నలు చదవడానికి ఉంది గాని జవాబు రాయడానికి లేదు.

ఉదయం దాచేపల్లి వైపు నుంచి ఆదాం అనే రైతు రాశాడు. 'మిర్చి ఆకు కిందికి ముడుచుకుంటోంది. మందుల కొట్టాయన పైముడత మందు ఇచ్చాడు. సాయంత్రం కొడదామనుకుంటున్నా. నాలుగింటికి నెట్ సెంటరుకొచ్చి చూసుకుంటా, ఎవరైనా చెప్పండి.'

ఆకు కిందికి ముడుచుకుంటే అది నల్లి అనే సన్న పురుగు పని. ఆకు పైకి ముడుచుకున్నప్పుడు కొట్టే ఆ మందు పడితే నల్లి ఇంకా రెచ్చిపోతుంది. చేను మిగలదు. ఫోన్ చేసి చెబుదామంటే ఆదాం నంబరు రాయలేదు.

టెంప్లేటు చేసినవాళ్ళు చూసి, తప్పు ఫోరానిదన్నారు. ఫోరం పెట్టినవాళ్ళు చూసి, తప్పు టెంప్లేటుదన్నారు. ఇక లాభం లేదని నరసింహం చీమకుర్తిలో ఉండే జోసఫ్‌కి ఫోన్ చేశాడు. నెట్‌లో పరిచయమే తప్ప ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. సైటు పడిపోయినప్పుడల్లా ఫోన్లో చెప్పి నిలబెట్టింది జోసఫే. డబ్బిస్తానంటే వద్దంటాడు. "బాగయ్యాక పేజీ ఎలా ఉందో వివరంగా చెప్పండి, చాలు" అంటాడు. మెప్పు కోసం అడుగుతున్నాడనుకుని నరసింహం ప్రతిసారీ "అద్భుతం నాయనా" అని ఫోన్ పెట్టేసేవాడు.

"తెర బొమ్మ తీసి పంపిస్తా, ఒకసారి చూడవయ్యా."

"బొమ్మలొద్దండీ. పేజీలో ఏది ఎక్కడుండాలో రాసే స్టైల్ ఫైళ్ళు తెరిచి చదవండి. ముందు ఫోరానిది, తర్వాత టెంప్లేటుది."

"చదవాలా? మీ ఊళ్ళో కరెంటు లేదా ఏంటి?"

"ఉంటే ఏం, లేకపోతే ఏం? మీ గొంతుందిగా."

"ఇది వినే పనా, చూసే పనా?"

"చూసేవాళ్ళందరూ చూశారుగా నరసింహంగారూ. ఏం పొడిచారు?"

నరసింహానికి అంత కంగారులోనూ నవ్వొచ్చింది. ఫోన్లో రాళ్ళు కోసే రంపాల రొద వినిపిస్తోంది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"నిదానం. ఇది సహస్రనామం కాదు" అన్నాడు జోసఫ్.

ఫోరం ఫైలు అయింది. టెంప్లేటు ఫైలు సగంలో ఉండగా జోసఫ్ ఆపాడు.

"ఇప్పుడేమన్నారు? హెడరా? దానికింద ఏం రాసుంది?"

"అది అమ్మవారి పట్టీ. అన్నిటికంటే పైన కూర్చో, అందరికీ ముందుండు అని. అమ్మవారి మీద ఏదీ పడకూడదని నేనే దగ్గరుండి రాయించా."

"ఫోరం ఫైల్లోనూ హెడర్ అని చదివారు. అది జవాబు పెట్టె ఉండే పట్టీ పేరు. 'హెడర్ పైకి రా' అని మీరు పిలిచారు. ఆ పేరు గలవాళ్ళు ఇద్దరూ లేచొచ్చారు. రెండోది వెళ్ళి అమ్మవారి వెనక ఇరుక్కుంది."

నరసింహం గొంతు తగ్గించాడు. "అయితే అమ్మవారిని జరపాలంటావా?"

"ఆవిడ జోలికెందుకండీ? మీ వీధిలో ఇద్దరు సుబ్బారావులుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు?"

"ఇంటిపేరు చూస్తాడు."

"అంతే! ఫోరానికి ఇంటిపేరు పెట్టండి. 'ఫోరం వారి హెడరూ, నీ చోట నువ్వుండు' అని రాయాలి. నేను చెప్తా, కొట్టండి."

జోసఫ్ అక్షరం అక్షరం చెప్పాడు. నరసింహం ఒంటివేలితో కొట్టాడు.

"చివర చుక్కా కామా కలిసిన గుర్తు మరిచిపోయారు."

"నీకెలా తెలుసయ్యా?"

"టకటకల్లో ఒకటి తగ్గింది."

ఆ గుర్తు పెట్టి, సేవ్ చేసి, పేజీ మళ్ళీ తెరిచాడు. అమ్మవారు కదల్లేదు. జవాబు పెట్టె మాత్రం బుద్ధిగా కిందికి దిగి తన చోట కూర్చుంది. నరసింహం వెంటనే జవాబు కొట్టాడు. 'ఆ మందు కొట్టొద్దు. అది నల్లి. నీళ్ళలో కలిసే గంధకం కొట్టు.'

నాలుగు దాటాక ఆదాం రాశాడు. 'దణ్ణాలండీ. డబ్బా మూత ఇంకా తియ్యలేదు.'

"ఆ జోసఫ్ మన తెర ముందు కూర్చున్నట్టే చెప్పాడే!" అని ఆశ్చర్యపోయింది సుబ్బలక్ష్మి. "వేరే దేవుణ్ణి కొలిచే మనిషి. అయినా అమ్మవారిని గోరంత కూడా జరపనివ్వలేదు. ఒకసారి వెళ్ళి చూసి రండి. ఆ మనిషి అడిగేది కూడా పేజీ ఎలా ఉందో చెప్పమని ఒక్క మాటేగా."

ఆదివారం నరసింహం ఒక చేతిలో ఎండుమిర్చి సంచీ, ఇంకో చేతిలో పేజీ రంగుల ప్రింటు పట్టుకుని చీమకుర్తి బస్సెక్కాడు. రంపాల మిల్లు పక్క సందులో రేకుల ఇల్లు. ఆయన గుమ్మంలోంచి పిలవగానే జోసఫ్ మంచం మీంచి నవ్వుతూ లేచాడు.

"ఇదిగో, నీ పనితనం" అంటూ ప్రింటు అతని చేతిలో పెట్టాడు నరసింహం.

జోసఫ్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇది ఎక్కడికీ పోదుగా. ముందు నా బాకీ సంగతి చెప్పండి."

"మొండిఘటానివయ్యా! సరే, విను." నరసింహం మంచం మీద కూర్చున్నాడు. "పైన అమ్మవారు. పాదాల కింద బెత్తెడు ఖాళీ. ఆ కింద ఆదాం ప్రశ్న. దాని కింద మన పెట్టె, గుమ్మం ముందు అరుగులాగా. ఎడమ పక్క మిర్చి ధరలు..."

జోసఫ్ తల వంచుకుని, ఆయన చెప్పిన ఒక్కొక్కదాన్నీ దుప్పటి మీద వేలితో గీసుకుంటున్నాడు. లోపలినుంచి టీ గ్లాసులతో అతని తల్లి బసవమ్మ వచ్చింది.

"రంగులు కూడా చెప్పండి అన్నయ్యగారూ, చూపు పోకముందు వాడు అవన్నీ చూసినవాడే."